సింక్లెటికా అమ్మ చెప్పింది మోతాదు గురించి

జనవరి 5 వస్తే పునీతుల క్యాలెండరులో అమ్మ సింక్లెటికా పేరు కనిపిస్తుంది. ఆ రోజు కోసం రాసే చిన్న పరిచయాలు ఏవి తిరగేసినా కథ ఒకటే. ఐగుప్తు (ఈజిప్టు) దేశపు అలెగ్జాండ్రియాలో కలిగిన ఇంటి పిల్ల, అందగత్తె, పెళ్ళి వద్దంది. అమ్మానాన్నలు పోయాక ఆస్తి పంచిపెట్టి ఊరి బయట సమాధిలో ఉండిపోయింది. ఎనభై ఏళ్ళ వయసులో ఊపిరితిత్తులు పాడై, దవడ కుళ్ళి, అన్నీ ఓర్చుకుని కన్నుమూసింది. ఇందులో మూలంలో లేనిది ఏదీ లేదు. కానీ ఇంతా చదివాక ఆమె ఏం చెప్పిందో ఒక్క ముక్కైనా తెలియదు. బాధపడిన ఒళ్ళు కళ్ళ ముందు మిగులుతుంది, మాట్లాడిన మనిషి కనబడదు.

ఆమె జీవితచరిత్ర గ్రీకులో 113 చిన్న అధ్యాయాలు. పుట్టుక, పెంపకం, ఇల్లు వదలడం మొదటి ఇరవై చిల్లరలో అయిపోతాయి. జబ్బు, మరణం చివరి పదింటిలో వస్తాయి. మధ్యలో ఉన్న దాదాపు 80 అధ్యాయాలు ఆమె నోటి మాటే. వెతుక్కుంటూ వచ్చిన ఆడవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని చేసిన బోధ అది. పుస్తకం రాసినాయన దేనికి ఎంత చోటిచ్చాడో లెక్కపెడితే చాలు, ఆయన మనకు ఏం అందించాలనుకున్నాడో తెలుస్తుంది. పరిచయాలు రాసేవాళ్ళు మాత్రం ఆ మధ్య భాగాన్ని దాటేసి, రెండు చివరలను కలిపి ముడేస్తున్నారు.

ఆ మధ్య భాగం నిండా ఉన్నది మోతాదు. ఏ సాధన ఎవరికి, ఎంత, ఏ వరసలో, ఎప్పుడు సడలించాలి అన్నది. ఆమె ఎంత కఠినంగా బతికిందో లెక్కేసి దండం పెట్టడం సులువు. ఎంత కొలిచి బతికిందో చూడటానికే కాస్త ఓపిక కావాలి, ఆమె గొప్పతనం ఉన్నదీ అక్కడే అని నా అభిప్రాయం.

ఒక చిన్న మాట. ఐగుప్తు ఎడారుల్లో పెద్దలైన మగవాళ్ళను అబ్బా అని, ఆడవాళ్ళను అమ్మా అని పిలిచేవారు. మన చెవికి అది తెలుగు పిలుపులాగే వినబడుతుంది. ఎడారి పెద్దల సూక్తులను పేర్ల అక్షరక్రమంలో కూర్చిన సంకలనంలో నూరుమందికి పైగా అబ్బాలున్నారు. అమ్మలు ముగ్గురే: తెయొదొరా, సారా, సింక్లెటికా. అందుకే ఆ ముగ్గురి మాటల్లో ఏదీ జారిపోకూడదు.

ఐగుప్తు మరియ పక్కన

ఏకాంతవాసం చేసిన క్రైస్తవ స్త్రీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఐగుప్తు మరియ. పన్నెండేళ్ళకు ఇల్లు వదిలి అలెగ్జాండ్రియా చేరింది. పదిహేడేళ్ళు ఒళ్ళు మరిచి తిరిగింది. యెరూషలేములో గుడి గడప దాటబోతే కనబడని చెయ్యేదో వెనక్కి నెట్టింది. మూడు రొట్టెలు కొనుక్కుని యొర్దాను దాటి 47 ఏళ్ళు ఎడారిలో గడిపింది. జోసిమా అనే సన్యాసి కంటబడేనాటికి ఎండకు నల్లబడ్డ ఒళ్ళు, తెల్లబడ్డ జుట్టు. తూర్పు సంఘాల్లో ఈ కథను ఏటా ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలంలో, అయిదో వారంలో, గుడిలో చదువుతారు. వింటే రాయి కూడా కరుగుతుంది.

అయితే 6వ శతాబ్దంలో పాలస్తీనాలోని స్కిథోపొలిసుకు చెందిన సిరిల్ రాసిన, కిరియాకు అనే సన్యాసి చరిత్రలో ఇంకో మరియ ఉంది. యెరూషలేము పునరుత్థాన దేవాలయంలో కీర్తనలు పాడేది. తనవల్ల చాలామంది మనసు చెదురుతోందని గ్రహించి, సిలోయము కోనేటిలో నీళ్ళు పట్టుకుని, ఒక బుట్టలో నానబెట్టిన గింజలు పెట్టుకుని, రాత్రికి రాత్రి ఊరు విడిచింది. పద్దెనిమిదేళ్ళయినా ఆ నీళ్ళూ ఆ గింజలూ తరగలేదట. ఆమె చేసిన పాపమంటూ ఆ కథలో ఏదీ లేదు. చెదిరింది వాళ్ళ మనసులు, ఊరు వదిలింది ఆమె. తర్వాతి శతాబ్దంలో యెరూషలేము సంఘ పెద్ద సోఫ్రొనియు పేరుతో ప్రచారమైన పెద్ద కథకు ఈ చిన్న కథే విత్తనమని చాలామంది పండితుల అభిప్రాయం. పాటగత్తె మరియ అందులో వేశ్య మరియ అయింది. కథకు ఊపొచ్చింది. పాటగత్తె ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

సింక్లెటికాకు అలాంటి గతం లేదు. చెప్పుకోవడానికి పాపం లేదు గనక పుండు దొరికింది. ఏకాంతంలో ఉన్న ఆడమనిషిని గుర్తుపెట్టుకోవాలంటే ఆమె ఒంటికి ఏదో జరిగి ఉండాలన్న అలవాటు మనలో పాతుకుపోయింది. మరియను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒకే మూసలో పోసి ఇద్దరినీ చూస్తే రెండో ఆమె చెప్పింది మనకు చేరదు, అదీ నా బాధ.

సమాధి గది, అంధురాలైన చెల్లెలు

సింక్లెటికా పూర్వీకులు మాసిదోనియ వాళ్ళు. అలెగ్జాండ్రియాలో భక్తి బాగుందని విని వలస వచ్చారు. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. అన్నదమ్ముల్లో ఒకడు చిన్నప్పుడే పోయాడు. రెండోవాడికి ఇరవై అయిదేళ్ళప్పుడు పెళ్ళి ఏర్పాట్లన్నీ అయ్యాక ప్రాణం పోయింది. చెల్లెలికి చూపు లేదు. పరిచయాల్లో చాలాసార్లు ఎగిరిపోయేది ఈ చెల్లెలే. సింక్లెటికా సమాధికి ఒంటరిగా వెళ్ళలేదు, చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. ఏకాంతం కోసం ఇల్లు వదులుతూ కూడా తన మీద ఆధారపడ్డ మనిషిని ఎవరికో అప్పగించి వెళ్ళలేదు.

సమాధి అంటే మనకు నేలలో తవ్విన గొయ్యి, పైన సిమెంటు పలక మనసులో మెదులుతాయి. అలెగ్జాండ్రియాలో కలిగిన కుటుంబాల సమాధులు రాతిని తొలిచి కట్టిన గదులు. కోమ్ ఎల్ షొకాఫాలో 2వ శతాబ్దపు సమాధి సముదాయం మూడు అంతస్తులు. చనిపోయినవాళ్ళ పేరున బంధువులు కూర్చుని భోంచేయడానికి రాతి అరుగులతో ఒక గది కూడా అందులో ఉంది. సింక్లెటికా వెళ్ళింది తమ బంధువు ఒకరి సమాధికి. ఊరికి బయట, కానీ ఊరికి దగ్గర. ఎడారి సన్యాసుల్లో పేరుమోసిన ఆంతోనీ కూడా లోపలి ఎడారికి పోయేముందు కొంతకాలం సమాధిలోనే ఉన్నాడు. చూపులేని చెల్లెలితో ఉండాల్సిన ఆడమనిషికి సన్యాసులుండే ఎడారులైన నైట్రియాకో స్కేటిస్‌కో పోవడం ఒక దారి, బంధువుల రాతి గదిలో ఉండటం ఇంకో దారి. ఆమె రెండోది ఎంచుకుంది. నా కంటికి అది తెగింపు కంటే ఆలోచనే ఎక్కువ ఉన్న పని.

ఏ క్రమంలో వదలాలి

ఆస్తి వదలడం గురించి ఆమె మాట చాలామందికి కొత్తగా ఉంటుంది. పేదరికం మంచిదా అని అడిగితే, ఓర్చుకోగలిగినవాళ్ళకు అది పరిపూర్ణమైన మంచి అంటుంది. వెంటనే హెచ్చరిస్తుంది: ముందు ఉపవాసంలో, నేల మీద పడుకోవడంలో, శ్రమలో ఒళ్ళు అలవాటు పడాలి, ఆస్తి ఆ తర్వాత. ఒక్క దూకులో ఉన్నదంతా పంచేసినవాళ్ళను చాలావరకు పశ్చాత్తాపం పట్టుకుంటుంది.

కారణం కూడా చెబుతుంది. డబ్బు సుఖాలకు పనిముట్టు. ముందు ఆ విద్యను వదిలించుకోవాలి, అంటే తిండి యావ, మెత్తటి పరుపుల అలవాటు. అది పోతే పనిముట్టు తనంతట తానే చేతిలోంచి జారుతుంది. విద్య లోపల అలాగే ఉండి పనిముట్టు ఒక్కటే లేకుండా చేస్తే, చెయ్యి దాన్ని వెతుక్కుంటూనే ఉంటుంది.

ఆమె బతుకులోనూ జరిగింది ఇదే. పెళ్ళి సంబంధాలు వస్తున్న రోజుల్లోనే, అమ్మానాన్నల ఇంట్లోనే, ఉపవాసం ఆమెకు నిత్యం. వేళ కాని వేళ తినాల్సి వస్తే మొహం పాలిపోయేదని చరిత్రకారుడు రాశాడు. ఏళ్ళ తరబడి అలా గడిచాక, తల్లిదండ్రుల కాలం తీరాక, అప్పుడు ఆస్తి అమ్మి పేదలకు పంచింది, చర్చి గురువు (ప్రీస్టు) ఒకాయనను పిలిపించి జుట్టు తీయించుకుంది. "ఆస్తి పంచి సమాధికి వెళ్ళింది" అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ముందటి ఏళ్ళన్నీ కొట్టుకుపోతాయి. అది చదివి ఉత్సాహం వచ్చినవాళ్ళు ఆమె వద్దన్న పనే చేస్తారు.

నాలుగు రోజులు మాని, అయిదో రోజు నిండా తినడం

శత్రువు నేర్పే తపస్సు కూడా ఒకటుంది అంటుంది సింక్లెటికా. వాడి శిష్యులూ ఉపవాసాలుంటారు. మరి దేవుని తపస్సును, సాతాను తపస్సును విడదీసి గుర్తుపట్టడం ఎలా? సమతూకాన్ని బట్టి. ఏడాది పొడుగునా ఉపవాసానికి ఒకే నియమం ఉండాలి. నాలుగైదు రోజులు ఏమీ ముట్టకుండా ఉండి, తర్వాతి రోజు ఎడాపెడా తినేయడం శత్రువుకు సంతోషం. కొలత తప్పినది ఎప్పుడూ చెరుపే చేస్తుంది. ఆయుధాలన్నీ ఒకేసారి వాడేస్తే యుద్ధం మధ్యలో ఉత్త చేతులతో దొరికిపోతావు. ఒళ్ళు ఆయుధం, ఆత్మ సైనికుడు, రెంటినీ చూసుకోవాలి. వయసులో ఉండి ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఉపవాసం చెయ్యి, ముసలితనం జబ్బులు వెంటబెట్టుకుని వస్తుంది, అప్పటికి ఇప్పుడే కూడబెట్టుకో.

ఇవి గాల్లో చెప్పిన మాటలు కావు. అప్పటి ఐగుప్తు సన్యాసుల తిండి లెక్కలు, వాళ్ళ మధ్య ఉండి వచ్చిన కాసియాను అనే సన్యాసి రాతల్లో దొరుకుతాయి. రోజుకు రెండు చిన్న ఎండు రొట్టెలు. రెండూ కలిపి తూస్తే ఒక రోమను పౌను ఉండీ ఉండనట్టు, అంటే మన లెక్కలో సుమారు 330 గ్రాములు. తొమ్మిదో గంటకు, అంటే మధ్యాహ్నం మూడింటి వేళకు తినాలి. బెంజమిను అనే ఒకతని సంగతి కూడా కాసియాను చెబుతాడు. రోజూ రెండు తింటే కడుపు నిండినట్టుండదని, రెండు రోజుల ఉపవాసం పట్టి నాలుగూ ఒకేసారి తినేవాడు. మొత్తం తిండి పెరగలేదు. కానీ ఆ రెండు రోజులూ మనసంతా కడుపు నింపుకోవడం మీదే. ఉపవాసం తిండి యావకు పనివాడైపోయింది. చివరికి అతను మఠం వదిలేసి లోకంలోకి వెళ్ళిపోయాడు. రోజూ తింటూ కొంచెం తక్కువ తినడమే మేలని, పెద్దలు అన్నీ చేసి చూసి తేల్చింది ఇదేనని అబ్బా పీమెను కూడా అన్నాడు. సింక్లెటికా ఆ బాటలోనే ఉంది.

శ్రమల కాలంలో నలభై రోజుల ఉపవాసం పట్టే మన తెలుగు సంఘాల్లో ఈ మాట నేరుగా పనికొస్తుంది. పగలంతా మాని, పొద్దుగూకాక రెండు పూటల తిండీ ఒకే పూట లాగించే పద్ధతి చాలా ఇళ్ళలో తెలిసిందే. అందులో తప్పు పడుతున్నది తిండి ఎంత అన్నచోట కాదు, రోజంతా దేని కోసం కాచుకుని ఉన్నాం అన్నచోట.

ఆమె తనకు తాను ఎలా కొలుచుకునేదో 18, 19 అధ్యాయాల్లో ఉంది. శోధన మీద పడినప్పుడు పొట్టు రొట్టె, నీళ్ళు చాలా తక్కువ, నేల మీద పడక. ఆ పోరు తగ్గగానే సడలించేది, ఒళ్ళు ఒక్కసారిగా కూలిపోతే తర్వాతి పోరుకు మిగిలేది ఏదీ ఉండదు గనక. తుఫానులో చిక్కిన ఓడవాళ్ళు తిండీ నిద్రా మరిచి కష్టపడతారు, గాలి తగ్గగానే తమ ఒంటి సంగతి చూసుకుంటారు. చరిత్రకారుడు ఇచ్చిన పోలిక ఇది. కఠినంగా ఉన్న రోజులను మాత్రమే ఏరి రాస్తే, ఆమె చేసినదాంట్లో సగమే రాసినట్టు.

ఇద్దరికి రెండు మందులు

నాకు అన్నిటికంటే నచ్చే చోటు, శిష్యురాళ్ళను ఎలా నడపాలో చెప్పినది. సాధనలో ముందుకెళ్ళి గర్వం తలకెక్కిన పిల్లకు ఒక మందు. నువ్వు మాంసం తినవా? చేపను కన్నెత్తి చూడనివాళ్ళున్నారు. ద్రాక్షారసం తాగవా? నూనె కూడా ముట్టనివాళ్ళున్నారు. సాయంత్రం దాకా ఉపవాసమా? రెండు మూడు రోజులుండేవాళ్ళున్నారు. స్నానం మానేశానని మురుస్తున్నావా? జబ్బువల్ల స్నానమన్నదే లేనివాళ్ళు ఎందరో ఉన్నారు. ఇలా ఒక్కొక్కటీ చేతిలోంచి తీసేయాలి.

నిరాశలో కూరుకుపోయిన పిల్లకు ఇదే మందు వేస్తే చచ్చిపోతుంది. ఆమె చేసిన చిన్న మంచిని కూడా ఆశ్చర్యపడి మెచ్చుకోవాలి, పెద్ద తప్పులను చెప్పుకోదగ్గవి కావన్నట్టు తేల్చేయాలి. బైబిల్లోని వేశ్య రాహాబును గుర్తుచేయాలి, సుంకరి మత్తయిని గుర్తుచేయాలి. ఒకే బోధ, ఒకే గొంతు, ఒకే తూకం అందరికీ సరిపడదు. పశువుల్లో గడ్డి తినేవీ మాంసం తినేవీ ఉన్నట్టే మనుషులూ అంటుంది.

పెళ్ళయిన ఆడవాళ్ళ గురించీ ఇదే చూపు. లోకంలో ఉన్నవాళ్ళకు సుఖమని అనుకోకండి అంటుంది సాధన చేసే ఆడపిల్లలతో. ప్రాణాల మీదకు తెచ్చుకుని కంటారు, పాలిచ్చి నీరసిస్తారు, పిల్లకు జ్వరమొస్తే తామూ పడతారు. పెళ్ళి వద్దనుకున్న మనిషి నోట ఇంత దగ్గరగా చూసిన వివరాలు రావడం గమనించాలి. ఇంకోచోట, అనుభవం లేకుండా బోధించేవాళ్ళను పడిపోయేలా ఉన్న ఇంట్లోకి అతిథుల్ని పిలిచినవాళ్ళతో పోల్చింది. ఇల్లు కూలితే దెబ్బలు తగిలేది వచ్చినవాళ్ళకి. ఆమె వెంటనే గురువు పీట ఎక్కకపోవడానికి కారణం ఇదే కావచ్చు. మొదట ఆడవాళ్ళు వచ్చి అడిగినప్పుడు చాలాసేపు కన్నీళ్ళే తప్ప మాట రాలేదని ఉంది.

ఈ మాటలు ఆమెవేనా?

ఈ ప్రశ్నను తప్పించుకోకూడదు. గ్రంథం అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు పేరు మీద నడిచింది. ఆయన 373లో పోయాడు. గ్రంథంలోని ఆలోచనల మీద 399లో పోయిన ఎడారి సన్యాసి, రచయిత ఎవాగ్రియు ముద్ర స్పష్టంగా ఉంది. కాబట్టి అతనాసియు రాసింది కాదు, 5వ శతాబ్దపు రచన అని పండితులు తేల్చారు. ఆయన రాసిన ఆంతోనీ చరిత్రను చూసి దీని చట్రం కట్టారు. సూక్తుల సంకలనంలో ఆమె పేరు కింద ఉన్న మాటలు కూడా ఈ గ్రంథం నుంచి తీసినవే. అంటే రెండు వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకటే.

పోలికలు చూసి ఇవి ఆడవాళ్ళ మధ్య పుట్టిన మాటలని వాదించాలనిపిస్తుంది. గుడ్లు వదిలి లేచిపోయే పక్షి, తొక్కి పిండి ఉతికే బట్టలు, కంట్లో పొగ పోయి నీళ్ళు కారాక గానీ అంటుకోని నిప్పు. కానీ ఆ వాదన నిలవదు. అప్పట్లో బట్టలు తొక్కి ఉతికే పని ఎక్కువగా మగవాళ్ళది. ఓడలు, మల్లయోధులు, సైన్యాల పోలికలూ అదే గ్రంథంలో ఉన్నాయి. నేను నమ్మేది ఇంతవరకే: ఎవరో ఒక రచయిత తన కాలంలో చెలామణిలో ఉన్న ఎడారి జ్ఞానాన్ని, మోతాదు గురించిన ఈ బోధను, ఒక స్త్రీ నోట పెట్టడమే తగినదని అనుకున్నాడు. చదివినవాళ్ళకూ అది అసహజంగా తోచలేదు, ఆ మాటలను అబ్బాల మాటల పక్కన పెట్టి కాపాడుకున్నారు. 5వ శతాబ్దం అంగీకరించినదాన్ని మన పరిచయాలు ఎందుకు వదిలేస్తున్నాయి?

వైద్యుడు వచ్చిన రోజు

దీనికంటే గట్టి అభ్యంతరం జబ్బు గురించి. జబ్బు అన్నిటికంటే గొప్ప తపస్సు అని ఆమె అన్నది నిజమే. దాన్ని పట్టుకుని నొప్పిని పూజించినవాళ్ళూ ఉన్నారు. అయితే ఆ మాట ఎవరితో అన్నది? ఉపవాసం చేయలేకపోతున్నాం, నిలబడి ప్రార్థించలేకపోతున్నాం అని కుమిలిపోతున్న రోగులతో. ఉపవాసం, నేల పడక సుఖాలను అదుపు చేయడానికి పెట్టిన సాధనలు. జబ్బు ఆ పని ఇప్పటికే చేస్తోంది, ఇక వాటి కోసం బాధపడొద్దు అంటోంది. రోగం తెచ్చుకోమనే మాట ఇందులో ఎక్కడుంది? రోగికి ఉపవాసాన్ని మాఫీ చేస్తోంది.

తన జబ్బు దగ్గరికి వస్తే నాకూ తడబాటు ఉంది. మూడున్నరేళ్ళు విడవని జ్వరం, దగ్గు. ఆ తర్వాత ఒక దంతం దగ్గర మొదలై చిగురు కుళ్ళింది. నలభై రోజుల్లో ఎముకకు పాకింది, రెండు నెలలకు రంధ్రం పడింది. వాసనకు పరిచర్య చేసేవాళ్ళు ధూపం వేసుకుని గదిలోకి వచ్చేవారు. వాళ్ళే వైద్యుణ్ణి పిలిపించారు. ఆమె వద్దంది, ఈ మంచి పోరాటానికి ఎందుకు అడ్డొస్తారని అడిగింది. ఇక్కడ ఆమె కొలత తప్పిందనే అనిపిస్తుంది.

అప్పుడు వైద్యుడు ఇంకోలా చెప్పాడు. నయం చేయడానికి కాదమ్మా, చచ్చిపోయిన భాగానికి శవానికి పూసినట్టు పూస్తాం, దగ్గరున్నవాళ్ళకు హాని కలగకుండా. అగరు, బోళం, ద్రాక్షారసంలో నానిన గొంజి. యేసు దేహం కోసం నీకొదేము తెచ్చినవి కూడా బోళం, అగరే. ఆ మాటకు ఆమె ఒప్పుకుంది. తన నొప్పికి వద్దన్న మందు పక్కనున్న ఆడవాళ్ళ అవస్థ చూసి పూయించుకుంది. గొప్పగా ఓర్చుకున్నదని రాసేవాళ్ళు ఈ ఒప్పుకోలును ఎందుకు రాయరో నాకు అర్థం కాదు.

ఆ పుండ్లను చూసి కూడా చుట్టూ ఉన్నవాళ్ళు బలం పొందారని చరిత్రకారుడు అంటాడు, అది నేను కాదనను. అయితే అదే చోట ఇంకో సంగతి రాశాడు. ఎముక కుళ్ళకముందే శత్రువు ఆమె స్వరాన్ని దెబ్బతీశాడట. ఆ మాటలు విన్నవాళ్ళు వాటిని పట్టుకుని నిలబడుతున్నారని, అవి ఆగిపోతే ఆకలితో మాడిపోతారని అనుకున్నాడట.